డబ్బు గెలిపిస్తుందా? లేక టికెట్ దగ్గరే ఆపేస్తుందా?

ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ స్పీకర్‌గా ఉన్న రోజుల్లో, 2016లో కోడెల శివప్రసాదరావు ఓ టీవీ ఇంటర్వ్యూలో ఒక మాట అన్నారు. 1983లో మొదటిసారి పోటీ చేసినప్పుడు 30 వేల రూపాయలు ఖర్చయిందని, 2014 ఎన్నికలకు వచ్చేసరికి అది పదకొండున్నర కోట్లయిందని. అప్పటికి అసెంబ్లీ అభ్యర్థి చట్టప్రకారం పెట్టాల్సిన ఖర్చు 28 లక్షలు దాటకూడదు. అంటే పరిమితికి 40 రెట్లు! ఆ మాట మీద పెద్ద దుమారం రేగింది, కేసు కోర్టుకెక్కింది. అంతకు మూడేళ్ల ముందు మహారాష్ట్ర బీజేపీ నేత గోపీనాథ్ ముండే కూడా 2009 లోక్‌సభ ఎన్నికల్లో తన ఖర్చు 8 కోట్లని బహిరంగంగా చెప్పేసి, ఎన్నికల సంఘం నుంచి నోటీసు అందుకున్నారు.

ఇద్దరూ వేర్వేరు పార్టీల వాళ్లు, వేర్వేరు రాష్ట్రాల వాళ్లు. ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతినే పైకి అన్నారు. అందరూ దాచేది వీళ్లు చెప్పారు, అంతే తేడా.

మరి ఇంత డబ్బు పోస్తే గెలుపు ఖాయమా? ఖాయమే అయితే ప్రతి ఎన్నికల్లో అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టినవాడే గెలవాలి. అలా జరగడం లేదు. డబ్బుతో పని లేదనుకుంటే పేదోళ్లు కూడా అసెంబ్లీలో కనిపించాలి. అదీ జరగడం లేదు. ఈ రెండింటి మధ్యే అసలు విషయం దాగి ఉంది.

అంకెలు ఏం చెబుతున్నాయి?

2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో 119 సీట్లకు 2,290 మంది పోటీ పడ్డారు. వాళ్ల అఫిడవిట్లను అసోసియేషన్ ఫర్ డెమోక్రాటిక్ రిఫార్మ్స్ (ఏడీఆర్) పరిశీలించింది. మొత్తం అభ్యర్థుల్లో కోటీశ్వరులు దాదాపు నాలుగో వంతు. గెలిచిన వాళ్లలో మాత్రం 114 మంది కోటీశ్వరులే. అంటే 96 శాతం. 2018లో ఈ లెక్క 106 మంది, 89 శాతం. ఐదేళ్లలో ఇంకో ఎనిమిది సీట్లు పెరిగాయి.

మిగతా మూడొంతుల మందికి, అంటే సుమారు 1,700 మందికి దక్కినవి ఐదే సీట్లు. కోటి రూపాయల ఆస్తి లేని అభ్యర్థులు 340 మంది నిలబడితే ఒక్కరు గెలిచారన్నమాట. కోటీశ్వరుల్లో మాత్రం ప్రతి ఐదుగురిలో ఒకరు గెలిచారు.

అయితే ఈ లెక్కను చూసి తొందరపడి ఒక నిర్ణయానికి రాకూడదు. హైదరాబాద్‌లో ఇవాళ ఓ మోస్తరు ఇల్లుంటేనే కోటి దాటుతుంది. ఊళ్లో రోడ్డు పక్కన రెండెకరాలున్నా అంతే. కాబట్టి 'కోటీశ్వరుడు' అన్న మాటకు పాత బరువు లేదు. ఇంకో సంగతి, ఓడిపోయిన ఆ 1,700 మందిలో ఎక్కువ మంది ఇండిపెండెంట్లు, పేరు తెలియని చిన్న పార్టీల వాళ్లు. వాళ్లకు డబ్బున్నా గెలుపు కష్టమే. కనుక వాళ్లు డబ్బు లేకనే ఓడారా, పెద్ద పార్టీ గుర్తు లేక ఓడారా అన్నది అడగాల్సిన ప్రశ్న. దీనికి జవాబు వెతకాలంటే ఒక నియోజకవర్గాన్ని దగ్గర్నుంచి చూడాలి.

మునుగోడు చెప్పిన పాఠం

నల్లగొండ జిల్లా మునుగోడు ఐదేళ్లలో మూడు ఎన్నికలు చూసింది. 2018లో కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి కాంగ్రెస్ టికెట్ మీద గెలిచారు. 2022లో రాజీనామా చేసి బీజేపీలో చేరి ఉప ఎన్నికకు దిగారు. 2023లో మళ్లీ కాంగ్రెస్‌కు వచ్చారు. 2023 అఫిడవిట్ ప్రకారం ఆయన ఆస్తి సుమారు 458 కోట్లు, రాష్ట్రంలోనే అత్యంత సంపన్న అభ్యర్థుల్లో ఒకరు.

2022 నవంబర్ 3న జరిగిన ఆ ఉప ఎన్నికను దేశమంతా వింతగా చూసింది. అధికార టీఆర్‌ఎస్ మంత్రులు, ఎమ్మెల్యేలు ఊరికొకరు చొప్పున మకాం వేశారు. బీజేపీ వైపు నుంచీ పెద్ద నాయకులు దిగారు. మాంసం, మందు, బిర్యానీ, కవర్లు అంటూ రోజూ వార్తలే. కొన్ని చోట్ల మాకు చెప్పినంత ఇవ్వలేదని ఓటర్లు గొడవకు దిగారన్న కథనాలు కూడా వచ్చాయి. పోలింగ్ 93 శాతం దాటింది. చివరికి టీఆర్‌ఎస్ అభ్యర్థి కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డి 10,309 ఓట్ల తేడాతో గెలిచారు.

వందల కోట్ల ఆస్తి ఉన్న అభ్యర్థి ఓడిపోయారు. ఏడాది తిరిగేసరికి అదే వ్యక్తి, అదే ఊళ్లలో, అదే ప్రత్యర్థి మీద 40 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. మారింది పార్టీ గుర్తు, రాష్ట్రంలో వీచిన గాలి. డబ్బు ఒక్కటే గెలిపించదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కానీ మునుగోడు కథలో మూడో మనిషి కూడా ఉన్నారు. 2022లో కాంగ్రెస్ తరఫున నిలబడిన పాల్వాయి స్రవంతి. అదే నియోజకవర్గానికి ప్రాతినిధ్యం వహించిన సీనియర్ నేత పాల్వాయి గోవర్ధన్ రెడ్డి కూతురు. 2018లోనూ, 2023లోనూ గెలిచిన గుర్తే ఆమె చేతిలోనూ ఉంది. అయినా డిపాజిట్ దక్కలేదు. రెండు పెద్ద బండ్లు ఢీకొంటున్న చోట మధ్యలో సైకిల్ మీద వెళ్లినట్టయింది ఆమె పోటీ.

పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వరుస కనిపిస్తుంది. డబ్బుంది, గాలి లేదు: కొద్దిలో ఓటమి. గుర్తుంది, అంగబలం అర్థబలం లేవు: డిపాజిట్ గల్లంతు. రెండూ కలిశాయి: భారీ మెజారిటీ. రాజగోపాల్ రెడ్డికి సొంత పేరు, పరిచయాలు, చేసిన పనులు కూడా కలిసొచ్చాయి, కాదనలేం. అయినా మొత్తమ్మీద అర్థమయ్యేది ఇదే. డబ్బుంటే గెలుస్తారన్న నమ్మకం లేదు. లేకపోతే మాత్రం పోటీలోనే ఉండరు.

హుజూరాబాద్ నుంచి హైదరాబాద్ దాకా

2021 అక్టోబర్‌లో హుజూరాబాద్ ఉప ఎన్నికలోనూ ఇలాగే జరిగింది. అధికార పార్టీ సర్వశక్తులూ ఒడ్డింది. దళితబంధు పథకం ఆ నియోజకవర్గంలోనే ప్రారంభమైంది. అయినా పార్టీ నుంచి బయటికి పోయిన ఈటల రాజేందర్ 23,855 ఓట్లతో గెలిచారు. మాకు కవరు రాలేదేమని కొన్ని ఊళ్లలో జనం రోడ్డెక్కిన ఉప ఎన్నిక అది. తీసుకున్నవాళ్లంతా ఇచ్చినవాళ్లకే వేసి ఉంటే ఫలితం అలా ఉండేది కాదు. అక్కడ కూడా కాంగ్రెస్‌కు దక్కింది మూడు వేల పైచిలుకు ఓట్లే.

2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ సీటు సంగతి కూడా చూడొచ్చు. బీజేపీ అభ్యర్థి మాధవీలత కుటుంబ ఆస్తి 200 కోట్లకు పైనే అని అఫిడవిట్‌లో ఉంది. మజ్లిస్ అధినేత అసదుద్దీన్ ఒవైసీ ప్రకటించిన ఆస్తి సుమారు 24 కోట్లు. ఫలితం మాత్రం 3,38,087 ఓట్ల తేడాతో ఒవైసీ వైపు వచ్చింది. గల్లీ గల్లీకీ ఉన్న పార్టీ యంత్రాంగం, ఏళ్ల తరబడి తిరిగే కార్పొరేటర్లు ఉన్న చోట డబ్బు పెద్దగా పనిచేయదు. చేవెళ్లలో కొండా విశ్వేశ్వర్ రెడ్డి వందల కోట్ల ఆస్తితో 2019లో కాంగ్రెస్ నుంచి ఓడిపోయారు. వేల కోట్ల ఆస్తి చూపించి 2024లో బీజేపీ నుంచి గెలిచారు. అక్కడా గుర్తు మారింది, గాలి మారింది.

పార్టీల స్థాయిలోనూ ఇదే కథ. ఎన్నికల బాండ్ల వివరాలు సుప్రీంకోర్టు ఆదేశంతో 2024 మార్చిలో బయటికొచ్చాయి. 2019 ఏప్రిల్ తర్వాత బీఆర్‌ఎస్ నగదుగా మార్చుకున్నది సుమారు 1,214 కోట్లు. ఆ పార్టీ 2023లో అధికారం పోగొట్టుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీకి సుమారు 337 కోట్లు, తెలుగుదేశానికి సుమారు 218 కోట్లు వచ్చాయి. 2024లో వైఎస్సార్‌సీపీకి దక్కింది 11 సీట్లు. జనం మనసు తిరిగిపోయాక ఖజానా ఎంత ఉన్నా లాభం లేదు.

అలాంటప్పుడు ఎందుకు పంచుతారు?

ఇది చాలామందికి వచ్చే సందేహం. రెండు వైపులా తీసుకుని తమకు నచ్చినోళ్లకే జనం ఓటేస్తున్నారని నాయకులకు తెలియదా? బాగా తెలుసు. ఓటు రహస్యం. బూత్ లోపల ఏం నొక్కారో ఎవరూ చూడలేరు. పైగా అభ్యర్థి చేతిలోంచి బయల్దేరిన డబ్బు మండల నాయకుడు, గ్రామ నాయకుడు, బూత్ ఇన్‌ఛార్జి దాటుకుని ఇంటి గడప చేరేసరికి ఎంత మిగులుతుందో దేవుడికే తెలియాలి. ముంబై ఎన్నికల మీద పరిశోధన చేసిన సైమన్ షోషార్ అనే పండితుడు కూడా ఇదే అంటారు. పంచితే ఓట్లు వస్తాయన్న నమ్మకంతో కంటే, ఎదుటివాడు పంచుతుంటే తాను ఊరుకుంటే మునిగిపోతానన్న భయంతోనే అభ్యర్థులు పంచుతారని.

మన ఊళ్లల్లో దీన్ని ఇంకా తేలిగ్గా చెప్తారు. "వాడిచ్చాడు, వీడివ్వలేదు" అనే మాట పడకూడదు. కవరు ఇస్తే ఓటు పడుతుందన్న గ్యారంటీ లేదు గానీ, ఇవ్వకపోతే పిసినారి అన్న పేరు మాత్రం గ్యారంటీ. అభ్యర్థికి దమ్ముందా, రేపు ఆపదొస్తే ఆదుకునే స్తోమతు ఉందా అని జనం తూచే తక్కెడగా కూడా ఈ కవరు మారిపోయింది.

ఇంకొకటి, ఖర్చంతా కవర్లే కాదు. వాహనాలు, డీజిల్, రోజూ వెంట తిరిగే కార్యకర్తల భోజనాలు, సభలకు తోలుకొచ్చే జనానికి కూలి, బూత్ ఏజెంట్ల ఖర్చు, సోషల్ మీడియా టీములు, సర్వేలు, కుల సంఘాల భవనాలకు, గుళ్లకు, మసీదులకు, చర్చిలకు ఇచ్చే చందాలు. వీటిలో కొన్ని చట్టబద్ధమే. బూత్‌లో ఏజెంటును కూర్చోబెట్టలేని అభ్యర్థికి ఎంత మంచి పేరున్నా పోలింగ్ రోజు చేతులు కట్టేసినట్టే ఉంటుంది.

హోరాహోరీ సీట్లలో ఈ చిన్న తేడాలే లెక్కకొస్తాయి. 2023లో చేవెళ్ల అసెంబ్లీ సీటు 268 ఓట్లతో తేలింది. పాతబస్తీలోని యాకుత్‌పురా 878 ఓట్లతో తేలింది. కోడెల 2014లో సత్తెనపల్లిలో గట్టెక్కింది కూడా వెయ్యి లోపు మెజారిటీతోనే. ఆ సీట్లు డబ్బుతోనే గెలిచారని అర్థం కాదు. ఇంత దగ్గరి పోటీ ఉంటుందన్న భయమే ప్రతి అభ్యర్థినీ చివరి రాత్రి దాకా జేబులు ఖాళీ చేయిస్తుందని అర్థం.

అసలు వడపోత టికెట్ దగ్గరే

ఓటరు ముందుకు పేర్లు వచ్చేసరికే డబ్బు తన పని సగం పూర్తి చేసుకుని ఉంటుంది. టికెట్ కోసం పార్టీ ఆఫీసుకు వెళ్లిన నాయకుడిని అడిగే మొదటి ప్రశ్న ఏమిటో రాజకీయాల్లో తిరిగే ఎవరిని అడిగినా చెప్తారు: "ఎంత పెట్టుకోగలవు?" ఇరవై ఏళ్లు జెండా మోసిన కార్యకర్త అక్కడే ఆగిపోతాడు. నిన్నగాక మొన్న చేరిన కాంట్రాక్టరో, రియల్ ఎస్టేట్ వ్యాపారో, విదేశాల్లో సంపాదించి వచ్చిన పెద్దమనిషో ముందుకు వెళ్తాడు. పార్టీకి కూడా ఇదే సుఖం. సొంత ఖర్చు సొంతంగా చూసుకునే అభ్యర్థి దొరికితే పార్టీ నిధి మిగులుతుంది. సంపన్నులకు గెలిచే అవకాశం ఎక్కువ అని పరిశోధకులు చెప్పే మాటలో అసలు కిటుకు ఇదే. గెలిచే గుర్తులు ముందే వాళ్ల చేతికి వెళ్తున్నాయి.

దీని దెబ్బ ఎవరి మీద పడుతుంది? ఆస్తి ఎవరి పేరు మీద లేదో వాళ్ల మీద. 2023లో తెలంగాణ అసెంబ్లీకి గెలిచిన మహిళలు పది మందే. రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.7 శాతం. గెలిచిన ముస్లిం ఎమ్మెల్యేలు ఏడుగురు, ఏడుగురూ మజ్లిస్ వాళ్లే, అంతా హైదరాబాద్ పరిధిలోనే. నిజామాబాద్ అర్బన్‌లో షబ్బీర్ అలీ, జూబ్లీహిల్స్‌లో అజారుద్దీన్ కాంగ్రెస్ నుంచి పోటీ చేసి ఓడిపోయారు. వాళ్ల ఓటమికి ఇతర కారణాలు చాలా ఉన్నాయి, దాన్ని డబ్బు మీదకు నెట్టలేం. గమనించాల్సింది, పెద్ద పార్టీలు ముస్లింలకు ఇచ్చే కొద్దిపాటి టికెట్లు కూడా ఇలా ముందే పేరున్న, నిలదొక్కుకున్న నేతలకే వెళ్తున్నాయి. ఆదిలాబాద్‌లోనో కరీంనగర్‌లోనో పనిచేసే ఓ మామూలు మైనారిటీ కార్యకర్త పేరు ఆ జాబితా దాకా రావడమే గగనం. ఓట్లు చీలతాయనే సాకు ఒకటి, ఖర్చు పెట్టలేడనే సాకు ఇంకొకటి. దళిత, గిరిజన రిజర్వుడు సీట్లలో సామాజిక వర్గం ఖాయం కాబట్టి ఆ మేరకు రక్షణ ఉంది గానీ, అక్కడ కూడా ఆ వర్గంలో ఉన్నోళ్ల వైపే పార్టీలు చూస్తున్నాయి.

మినహాయింపులు లేకపోలేదు. ఇల్లెందు నుంచి ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన గుమ్మడి నర్సయ్య నిరాడంబర జీవితం తెలుగునాట అందరికీ తెలిసిందే. ఆయన వెనక డబ్బు లేదు, పోరాడే సంఘం ఉంది. 2023లో కొల్లాపూర్‌లో 'బర్రెలక్క'గా పేరుపొందిన శిరీష ఇండిపెండెంట్‌గా నిలబడితే దేశమంతా మాట్లాడుకుంది, చందాలూ వచ్చాయి. ఓట్లు మాత్రం ఆరు వేలు దాటలేదు. పేరు రావడం వేరు, ఊరూరా మనుషులుండటం వేరు. డబ్బుకు బదులు నిలబడగలిగింది సంఘటన ఒక్కటే. దాన్ని కట్టడానికి ఏళ్లు పడుతుంది.

చట్టానికున్న చిల్లులు

ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ అభ్యర్థి ఖర్చుకు పరిమితి పెడుతుంది. 2022 నుంచి పెద్ద రాష్ట్రాల్లో అసెంబ్లీకి అది 40 లక్షలు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పజెప్పాలి. వినడానికి గట్టిగానే ఉంది. చిల్లులు మూడు.

మొదటిది, లెక్క నామినేషన్ రోజు నుంచే మొదలవుతుంది. అంతకు ఆరు నెలల ముందు పంచిన చీరలు, క్రికెట్ కిట్లు, పెట్టిన విందులు ఏవీ అందులోకి రావు. రెండోది, పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితే లేదు. 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు, పార్టీ చేసిన ఖర్చు కూడా అభ్యర్థి ఖాతాలోకే వస్తుందని ఢిల్లీ ఎంపీ ఎన్నికను కొట్టేసింది. తీర్పు సిరా ఆరకముందే కేంద్రం చట్టాన్ని మార్చి ఆ దారి మూసేసింది. 2003లో కొంత బిగించినా స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణ ఖర్చు లాంటివి ఇప్పటికీ లెక్కకు బయటే. మూడోది, శిక్ష. తప్పుడు లెక్క చూపితే మూడేళ్లు అనర్హత వేయొచ్చు. 2011లో ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఉమ్లేష్ యాదవ్‌పై వేటు పడింది, పెయిడ్ న్యూస్ ఖర్చు దాచినందుకు. అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

తనిఖీలు లేవని కాదు. 2023 నవంబర్ 20 నాటికే తెలంగాణలో పట్టుబడిన నగదు, మద్యం, బంగారం, కానుకల విలువ 659 కోట్లని ఎన్నికల సంఘం ప్రకటించింది. కానీ పట్టుబడటం ఒక ఎత్తు, అభ్యర్థి మీద నేరం రుజువు కావడం ఇంకో ఎత్తు. తమిళనాడులో డబ్బు పంపిణీ కారణంగా 2017లో ఆర్కే నగర్ ఉప ఎన్నికను, 2019లో వెల్లూరు లోక్‌సభ ఎన్నికను రద్దు చేశారు. ఎన్నిక ఆగింది గానీ, మళ్లీ జరిగినప్పుడు ఆ పార్టీలే నిలబడ్డాయి.

బాకీ ఎవరు తీరుస్తారు?

తెలంగాణ ఎమ్మెల్యేకు జీతభత్యాలు నెలకు రెండున్నర లక్షలు. ఐదేళ్లకు కోటిన్నర. కోడెల చెప్పిన పదకొండున్నర కోట్లను ఇలా రాబట్టాలంటే ఎనిమిది టర్ములు కావాలి, అదీ రూపాయి ఇంటికి వాడకుండా. అందరు ఎమ్మెల్యేలూ దోచుకుంటున్నారని ఎవరూ అనలేరు. కానీ పెట్టుబడి పెట్టినవాడికి, లేదా అతనికి అప్పిచ్చినవాడికి, ఆ డబ్బు ఏదో దారిలో తిరిగి రావాలన్న ఆశ ఉంటుంది. ఆ దారి రోడ్డు కాంట్రాక్టు కావొచ్చు, ఇసుక కావొచ్చు, చెరువు శిఖం భూమి కావొచ్చు. చేతికొచ్చిన రెండు వేల కవరు అందరికీ కనిపిస్తుంది. దానికి బదులుగా పోయిన చెరువు ఎవరి ఖాతాలోనూ కనిపించదు.

పరిష్కారాలు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. పార్టీల ఖర్చుకూ పరిమితి పెట్టాలని ఎన్నికల సంఘం ఏళ్లుగా అడుగుతోంది. ప్రభుత్వమే కొంత సాయం వస్తు రూపంలో ఇవ్వాలని 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ చెప్పింది. బాండ్లను 2024 ఫిబ్రవరి 15న కొట్టేసిన సుప్రీంకోర్టు, పార్టీలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని తేల్చింది. ఆ హక్కును వాడుకోవడమే మిగిలింది.

ఇప్పటిదాకా మందలింపంతా ఓటరుకే: "డబ్బు తీసుకోవద్దు, ఓటు అమ్ముకోవద్దు." మంచి మాటే. కానీ మునుగోడు, హుజూరాబాద్ ఓటర్లు తీసుకున్నా అమ్ముడుపోలేదని ఫలితాలే చెప్పాయి. టికెట్ ఎవరికి, ఏం చూసి ఇచ్చారని పార్టీలను అడిగినవాళ్లు మాత్రం తక్కువ. ఆ జాబితా తయారయ్యే గదిలో ఓటరు ఉండడు. పోలింగ్ ముందు రాత్రి గడపకొచ్చిన కార్యకర్తను ఎంత ఇస్తావని అడిగేకంటే, జాబితా రాకముందే, ఇరవై ఏళ్లు పనిచేసిన మా ఊరోడి పేరు ఎందుకు లేదని అడిగితే పార్టీలు ఎక్కువ ఇబ్బంది పడతాయి.